హిజ్కియా రాజు, అజీజాబీ దేగు

నాకు ఒక సందేహం ఉంది. ఈ మధ్య పుట్టింది కాదు, ఇరవై ఏళ్ళు దాటింది.

హిజ్కియా అనే రాజు ఇరవై అయిదేళ్ళకే యూదా దేశపు సింహాసనం ఎక్కాడు. మంచి భక్తుడు. వచ్చీ రాగానే మూతపడిన దేవాలయం తలుపులు తెరిపించి బాగు చేయించాడు. లోపలి చెత్తను పదహారు రోజులపాటు బయటికి మోయించాడు. మిట్టల మీద ఉన్న పూజాస్థలాలు పడగొట్టించాడు. అంతవరకు నాకు ఏ పేచీ లేదు. ఆ తర్వాత మోషే చేసిన ఇత్తడి పామును ముక్కలు చేయించాడు. ఆ పామును మోషే సొంత బుద్ధితో చేయలేదు, దేవుడు చెప్తే చేశాడు. ఎడారిలో పాము కాటు తిన్నవాళ్ళు దాన్ని చూసి బతికారు. పని అయిపోయింది, పక్కన పెట్టారు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళలో ఎప్పుడో జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. ఒక పేరు కూడా పెట్టారు.

నా సందేహం ఆ మొట్టమొదటి ధూపం గురించి. వేసినవాడు ఎవడు? వాడి మనసులో ఆ రోజు ఏముంది? "ఈ పొద్దు నుంచి విగ్రహాన్ని మొక్కుదాం" అనుకుని పొద్దున్నే స్నానం చేసి బయలుదేరాడా?

మా పుంగనూరు మందిరానికి వచ్చిన పాస్టర్లందరినీ ఈ మాట అడిగాను. ఒకాయన "హృదయ కాఠిన్యం" అన్నాడు. ఇంకొకాయన హెబ్రీ భాషలో ఏదో చెప్పి, దాని అర్థం వచ్చే వారం చెప్తానన్నాడు. ఆ వారమే ఆయనకు బదిలీ అయింది. మూడో ఆయన కాఫీ బాగుందన్నాడు.

నా భార్య ఉషారాణి మాత్రం ప్రతిసారీ ఒకే మాట అంటుంది. "ఊర్లో ఉండే అయ్యగార్లనందరినీ అడుగుతావు గాని, అద్దంలో కనిపించే ఆయన్ని ఒక్కసారి అడగవు."

ఆమె అలా ఎందుకు అంటుందో తెలియాలంటే దేగు సంగతి చెప్పాలి.

ఇరవై ఏడేళ్ళ కిందట క్రిస్మస్ విందుకు బిర్యానీ చేయాలని సంఘం తీర్మానించింది. నా పేరు సమాధానం. పాలకేంద్రంలో పాలు కొలిచేవాడిని కాబట్టి ఊళ్ళో అందరూ నాకు తెలుసు. పెళ్ళిళ్ళకు వంట చేసే ముక్తియార్ ఇంటికి నన్నే పంపారు. ముక్తియార్ భార్య అజీజాబీ తన పుట్టింటి రాగి దేగు ఇచ్చింది. దేగు అంటే బిర్యానీ వండే పెద్ద పాత్ర. ఇది అరవై మందికి సరిపోయేది, మోకాలెత్తు ఉంటుంది. మూత ఇవ్వలేదు. "మూత మాకు కావల్ల, ఆకులు కప్పుకోండి. దేగు మా అమ్మ ఇచ్చింది, జాగర్తప్పా" అంది.

"రేపే తెచ్చిస్తా అజీజక్కా" అన్నాను.

విందు బాగా జరిగింది. మరునాడు నేనే దేగు తోమి, ఆరడానికి మందిరంలో గోడ పక్కన బోర్లించి, అజీజాబీ ఇంటికి కబురు చెప్పడానికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. కూతురు మునీరా కాన్పుకని కుప్పం వెళ్ళారట. సరే, వచ్చాక ఇద్దామనుకున్నాను.

ఆ ఆదివారం సాయంకాలం ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించాను. ఎక్కడ నిలబెట్టాలో తెలియలేదు. బల్ల మీద బైబిలు, కిటికీలో గాలి. దేగు అడుగు చదునుగా కనిపించింది. రెండు చుక్కల మైనం కార్చి దాని మీద నిలబెట్టాను. అంతే. దేవుడి సాక్షిగా నేను చేసింది అంతే.

ఆ కొవ్వొత్తి ఎదురుగా కూర్చుని మా సంఘంలోని చెంగమ్మత్త తప్పిపోయిన తన బర్రె కోసం ప్రార్థన చేసింది. మరునాడు పొద్దున బర్రె ఇంటికి వచ్చింది.

మరుసటి ఆదివారం, కరెంటు ఉండగానే, చెంగమ్మత్త దేగు మీద ఇంకో కొవ్వొత్తి పెట్టింది. ఆ పైవారం పదో తరగతి రెండుసార్లు తప్పిన వాడొకడు పెట్టాడు, మార్చిలో పాసయ్యాడు. వాడు చదివాడు కూడా, కానీ ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అజీజాబీ తిరిగి వచ్చి "సమాధానమప్పా, నా దేగు?" అని అడిగేనాటికి దాని కింద పీట, పైన లేసు గుడ్డ వచ్చేశాయి. నేను ఎత్తబోతే చెంగమ్మత్త "దాన్ని కదిలిస్తే మళ్ళీ నా బర్రె పోతాది, ఎవురు ఎతికిపెడ్తారు, నువ్వా?" అని నా చెయ్యి పట్టుకుంది.

"రేపు తెస్తా అక్కా" అని అజీజాబీకి చెప్పాను. ఆ సంవత్సరం మూడుసార్లు చెప్పాను. తర్వాత వాళ్ళు హోటలు పెట్టుకోవడానికి కుప్పం వెళ్ళిపోయారు. నాకు సిగ్గుగానూ అనిపించింది, హాయిగానూ అనిపించింది.

మందిరానికి సున్నం వేసినప్పుడు పెయింటరు మిగిలిన వెండి రంగు దేగుకు పూశాడు. ఎందుకయ్యా అంటే, డబ్బాలో మిగిలింది అన్నాడు. దాంతో పేరు కూడా వచ్చింది, "ప్రార్థన దిమ్మె". వార్షికోత్సవం నాడు ఒక పాస్టరయ్య దీన్ని పాతకాలం దొరలు ఓడలో తెచ్చారని చెప్పాడు. ఓడ దిగిన సంవత్సరం కూడా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఉషారాణి మాత్రం నా తొడ మీద గిల్లింది.

ఈ ఏడాది వరుణ్ అనే కొత్త పాస్టరు వచ్చాడు. మదనపల్లెలో చదువు పూర్తి చేసుకుని నేరుగా మా దగ్గరికే వచ్చాడు. సరిగ్గా ఇరవై అయిదేళ్ళు. మొదటి ఆదివారమే హిజ్కియా రాజు మీద ప్రసంగం చేశాడు. రెండో ఆదివారమూ హిజ్కియానే. మూడో వారం తలుపులు బాగు చేయించాడు. నలభై ఏళ్ళుగా కిర్రుమనే తలుపు చప్పుడు ఆగిపోయేసరికి, ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఎవరో తెలుసుకోవడం కష్టమైంది.

ఆ తర్వాత పదహారు రోజుల శుద్ధి ప్రకటించాడు. ఒకరోజు ప్లాస్టిక్ పూలు పోయాయి. ఒకరోజు రంగురంగులుగా తిరిగే బల్బు పోయింది. మా సంఘ కోశాధికారి చెంగల్రాయుడు ఆటో ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకున్నాడని తెలిసి, పాస్టరు వెళ్ళి స్వయంగా విప్పాడు. చెంగల్రాయుడు "భక్తికి గాదయ్యగారూ, పోలీసోళ్ళు ఆపకుండా ఉంటారని" అన్నాడు. హిజ్కియా దేశమంతటికీ వార్తాహరులతో ఉత్తరాలు పంపాడు కదా అని, ఈయన మదనపల్లె, కుప్పం సంఘాలకు వాట్సాప్‌లో "మీరూ శుద్ధి చేసుకొనుడి" అని పంపాడు. రాజుగారి వార్తాహరులను జనం ఎగతాళి చేశారని వాక్యంలో ఉంది. కుప్పం నుంచి నవ్వే బొమ్మలు పదకొండు వచ్చాయి.

పద్నాలుగో రోజు పాస్టరు నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "సమాధానమన్నా, ఆదివారం పదహారో దినం. ఆ దిమ్మె ముందర జనం మోకరిస్తాండారు. అది మన ఇత్తడి పాము. సుత్తి తెప్పించినాను. నువ్వు పెద్దమనిషివి, పక్కన నిలబడాల."

నేను తల ఊపాను. ఊపింది నేను కాదు, నా మెడ.

ఆ సాయంత్రమే కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. అజీజాబీ కొడుకు ఫైజల్. పలమనేరు బస్టాండులో ఒకసారి వాణ్ణి చూసి చెరుకురసం బండి వెనక దాక్కున్నాను. నా నంబరు ఎవరిచ్చారో ఏమో.

"సమాధానం మామా, బాగుండావా? తరన్నుమ్ పెళ్ళి వచ్చే నెల. అమ్మ ఏమంటాందంటే, మా అమ్మ దేగులోనే మనవరాలి పెళ్ళికి మొదటి బిర్యానీ వండల్ల అంటాది. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చినాయి, ఇంగేమీ అడగదు మామా. అది ఉండాదా?"

"ఉండాది" అన్నాను.

"ఎప్పుడు తెస్తావు?"

నోట్లోకి "రేపు" వచ్చింది. మింగేశాను.

రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. నోరు తెరిస్తే ఇరవై ఏడేళ్ళ పెద్దమనిషితనం పోతుంది. తెరవకపోతే ఆదివారం దేగు పోతుంది, అజీజాబీకి ఇవ్వడానికి ఇంకేమీ ఉండదు. ఉషారాణి పక్కకు తిరిగి పడుకుని "నోరు ఒకటే గదా ఉండేది, ఎన్నిసార్లు తెరవాల? ఒక్కసారి" అంది.

ఆదివారం వచ్చింది. మందిరం నిండిపోయింది. ఏదైనా పగలగొడతారంటే మా ఊరివాళ్ళు ఠంచనుగా వస్తారు. పాస్టరు వాక్యం చదివి, చొక్కా చేతులు మడిచి, లేసు గుడ్డ తీసేసి, సుత్తి ఎత్తి ఒక దెబ్బ వేశాడు.

మంచి రాగి అది. చర్చి గంట కంటే పెద్దగా మోగింది. ఇళ్ళలో పడుకున్నవాళ్ళు కూడా ఆరాధన మొదలైందనుకుని పరుగెత్తుకొచ్చారు. పాస్టరు చేతులు భుజాల దాకా వణికాయి. దేగుకు చిన్న సొట్ట పడింది, అంతే.

రెండో దెబ్బకు ఆయన సుత్తి ఎత్తేలోపల చెంగమ్మత్త వచ్చి దేగు మీద కూర్చుంది.

"దిగమ్మా" అన్నాడు పాస్టరు.

"దిగను. నన్నూ దీన్నీ కలిపి పగలగొట్టు."

"అది విగ్రహమమ్మా."

"విగ్రహమైతే కండ్లు ముక్కు ఉండల్ల గదా నాయనా? ఏవీ, సూపీ!"

"ఇత్తడి పాముకు మాత్రం..." అని పాస్టరు మొదలుపెట్టి, పాముకు కళ్ళుంటాయని గుర్తొచ్చి ఆగాడు.

సంఘం రెండు పక్షాలైంది. ఆడవాళ్ళు కొందరు "కొట్టొద్దు" అన్నారు. చెంగల్రాయుడు "నా నిమ్మకాయలు పోయినాయి, ఆయమ్మ దిమ్మె కూడా పోవల్ల, న్యాయం" అన్నాడు. పాస్టరు చెంగమ్మత్త చెయ్యి పట్టుకుని లాగబోయాడు. ఆమె లేవలేదు, దేగుతో సహా కాస్త జరిగింది. సుత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఉషారాణి వెనక నుంచి నన్ను తోసింది. నేను మధ్యలో పడ్డాను.

"ఆపండి అయ్యగారూ. దిగు చెంగమ్మత్తా. అది దిమ్మె కాదు. బిర్యానీ దేగు."

మందిరం ఎంత నిశ్శబ్దమైందంటే, బాగు చేయించిన తలుపు కిర్రుమనకపోవడం వినిపించింది.

"ఏం దేగు?" అంది చెంగమ్మత్త.

"బిర్యానీది. ముక్తియార్ పెండ్లాం అజీజక్కది. క్రిస్మస్ విందుకు నేనే అడిగి తెచ్చినాను. మొదటి కొవ్వొత్తి కూడా నేనే పెట్టినాను."

"అబద్ధం! దొరలు ఓడలో తెచ్చింది!" అని ఎవరో అరిచారు.

"రేపే తిరిగిస్తానని చెప్పి తెచ్చినాను నేను" అన్నాను. జేబులోంచి తాళంచెవి తీసి, అంచు దగ్గర వెండి రంగు గీకాను. మా ప్రాంతంలో పాత్ర కొంటే పేరు చెక్కించకుండా ఇంటికి తీసుకురారు. రంగు రాలేకొద్దీ అక్షరాలు వచ్చాయి. అజీజాబీ, పుంగనూరు, 1974. చెంగమ్మత్త మెల్లగా దిగింది. దేగును తిరగేశాం. లోపల అడుగున ఎండిపోయిన బిర్యానీ ఆకు ఒకటి అంటుకుని ఉంది.

"నేను ఆ పొద్దే సెప్తి, సరిగా తోమలేదని" అంది ఉషారాణి. ఇంతమందిలో ఆమెకు తోచింది అది.

చెంగమ్మత్త ఆకును చూసింది, నన్ను చూసింది. "అంటే ఇరవై ఏడేండ్లు నేను బిర్యానీ దేగు ముందర మోకాళ్ళు అరగదీసినానా?"

"దేగుకు కాదత్తా, నువ్వు దేవునికే మొక్కినావు."

"మరి నా బర్రె?"

"దేవుడు తెచ్చినాడమ్మా" అన్నాడు పాస్టరు.

చెంగమ్మత్త మోకాళ్ళు తడుముకుంది. "ఆకలేసి వచ్చింటాదిలే" అంది. ముందు ఆమే నవ్వింది. తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. ఆశీర్వాదం చెప్పడానికి పాస్టరు మూడుసార్లు చేతులెత్తి మూడుసార్లు దించాడు.

నవ్వులయ్యాక ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది. "అన్నా, ఇంగొక దెబ్బ వేసుంటే ఒక ముసలమ్మ పుట్టింటి పాత్ర పోయుండు. రాజు పగలగొట్టింది దేవాలయం సొత్తు. నేను..."

"మీకు తెలీదు గదయ్యా. తెలిసినోణ్ణి నేను."

ఆయనది ఊరుకునే స్వభావం కాదు. మళ్ళీ బైబిలు తెరిచాడు. ఇతరుల సొమ్ము ఉంచుకున్నవాడు తిరిగి ఇచ్చేటప్పుడు అయిదోవంతు కలిపి ఇవ్వాలని ధర్మశాస్త్రంలో ఉందన్నాడు. సరే అన్నాను. కానీ దేగులో అయిదోవంతు అంటే ఏమిటి? దీని మీద సంఘం గంటసేపు చర్చించింది. చెంగల్రాయుడు అయిదోవంతు బిర్యానీ అన్నాడు. ఒకరు ఇంకో చిన్న దేగు అన్నారు. చివరికి చెంగమ్మత్త "మూత. అయిదోవంతు అంటే మూతే" అని తీర్పు చెప్పింది. ఎవరూ కాదనలేకపోయారు.

సోమవారం నేను, పాస్టరు దేగును మదనపల్లె తీసుకెళ్ళాం. రాగి పాత్రలకు కళాయి వేసేవాళ్ళు ఇప్పుడు లేరు. అక్కడ ఒక్క ముసలాయన ఉన్నాడు. ఆయన దేగును అటూ ఇటూ తిప్పి, అడుగున గోరుతో గీరి, "వంట లోపల గదప్పా సేసేది, మీరు బయట మైనం వండినారేమి?" అన్నాడు. పాస్టరు నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. ఆయన రంగు, మైనం వదలగొట్టి, లోపల కళాయి వేసేసరికి బుధవారమైంది. దేగు ఉదయం ఎండలో చూడలేనట్టు మెరిసింది. సొట్ట మాత్రం అలాగే ఉంది. కొత్త మూత కూడా కొన్నాం.

పుంగనూరు వచ్చి, పలమనేరులో బస్సు మారాం. కండక్టరు లగేజి టికెట్టు కొట్టాలన్నాడు. పాస్టరు దేగును ఒళ్ళో పెట్టుకుని, "ఒళ్ళో ఉండేది లగేజి కాదు" అన్నాడు. కండక్టరు "లోపల బిర్యానీ ఉంటే టికెట్టు వద్దులే" అన్నాడు. లేదని తెలిసి టికెట్టు కొట్టాడు. పలమనేరు దాటాక పాస్టరు మెల్లగా అడిగాడు.

"అన్నా, నువ్వు అందరినీ అడుగుతావంటనే, మొదట ధూపం వేసినోడు ఎవుడని. నన్ను అడగలేదే?"

"ఇంగ అడగనయ్యా. తెలిసింది."

"ఎవురు?"

"కరెంటు పోయినోడు" అన్నాను.

వి.కోట దాకా దేగు గతుకుల్లో మోగుతూనే ఉంది.

కుప్పంలో ఫైజల్ హోటలు వెనకే ఇల్లు. అజీజాబీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసింది. మమ్మల్ని చూసి లేవలేదు. దేగును ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.

"రేపు అంటివి" అంది.

"అన్నాను అక్కా."

"ఇదేనా ఆ రేపు?"

"ఇదే."

ఆమె వంగి పేరు మీద వేలు రాసింది. సొట్ట దగ్గర వేలు ఆగింది. "ఈ సొట్ట యాల పడింది?"

పాస్టరు ముందుకొచ్చాడు. "నేను కొట్టినానమ్మా. తెలీక." తర్వాత మొత్తం చెప్పాడు. హిజ్కియా రాజు, దేవాలయం తలుపులు, ఇత్తడి పాము, కొవ్వొత్తి, బర్రె, ఏదీ వదలలేదు. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నాకు తెలియలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"రాజు మంచోడే నాయనా" అంది చివరికి. "నువ్వూ మంచోడివే. పగలగొట్టేముందర ఎవురిదని ఒకమాట అడగల్ల, అంతే." నా వైపు తిరిగింది. "నా దేగుకు ఇరవై ఏడేండ్లు నమాజు మాదిరి మర్యాద సేసినారు మీవాళ్ళు. మా ఇంట్లో ఉండింటే ఈపాటికి మసి పట్టి, అడుగు పోయుండు. అరె ఫైజల్, నవ్వుతాండావేంరా, కాఫీ తే!"

నేను సంచిలోంచి కొత్త మూత తీశాను. "ఇది అయిదోవంతు అక్కా. మా లెక్క."

"మూత యాలప్పా? నేను ఇయ్యలే గదా నీకు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. గిన్నెలు జరిపిన చప్పుడు, ఏదో బోర్లపడిన చప్పుడు వినిపించాయి. పాత రాగి మూత ఒకటి రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని వచ్చింది. దాని మీద కూడా పేరు ఉంది. ఇన్నేళ్ళూ నీళ్ళ తొట్టి మీద పెట్టిందట, ఒకనాటికి దాని దేగు వస్తుందని.

నా చేతిలోని కొత్త మూతను పాస్టరు తీసుకుని వీపు వెనక దాచుకున్నాడు. ఆమె వంగింది. నేను దేగు అంచు పట్టుకున్నాను. మూత కొంచెం తిరిగింది, పాత చోటు దొరికింది, చప్పుడు చేయకుండా కూర్చుంది.